చప్పుడు పోయిన గిర్ని

మా గిర్నిలో పని చేసేది ఇద్దరమే, నేనూ మా అత్త అండాలమ్మా. మా ఇద్దరి మధ్య పద్దెనిమిదేళ్లుగా ఒక్క గొడవ కూడా జరగలేదని దిల్‌సుఖ్‌నగర్‌లో మా సందంతా చెప్పుకునేది. అత్తాకోడళ్లంటే ఇట్లా ఉండాలని కొత్త కోడళ్లకు మమ్మల్ని చూపించేవాళ్లు. వాళ్లకు తెలియనిదేమిటంటే, గొడవలు రోజూ జరిగేవి. కాకపోతే ఎవరికీ వినపడేవి కావు.

మాది కారం దంచే గిర్ని. పిండి పట్టే గిర్ని కాదు. ఆ రెండూ ఒకటే అనేవాళ్లతో నేను మాట్లాడను. పిండి గిర్నిలో గింజ రాళ్ల మధ్య నలిగిపోతుంది. మా మిషన్‌లో ఆరు ఇనుప రోకళ్లు వరుసగా నిలబడి ఉంటాయి. వెనక తిరిగే ఇరుసు ఒక్కో రోకలినీ పైకెత్తి వదిలేస్తుంది, అది వచ్చి కింద రోట్లో పడుతుంది. ఒకటి లేస్తుంటే ఇంకొకటి పడుతుంటుంది. ఎండుమిరపకాయలైనా, పసుపు కొమ్ములైనా, ధనియాలైనా, ఇంట్లో చేత్తో దంచినట్టే వస్తాయి. ఎండలు ముదిరాయంటే చాలు, మలక్‌పేట నుంచి కూడా ఆడవాళ్లు సంచులు పట్టుకుని మెట్రో దిగి మా సందులోకి వస్తారు.

ఇక మా మిషన్ చప్పుడు సంగతి. అది నడుస్తుంటే పక్క మల్గిలో దుకాణం పెట్టిన టైలర్ ఫోన్ ఎత్తడు. ఎదురుగా చాయ్ అమ్మే ఆయన వేళ్లతో సైగ చేసి ఎన్ని కప్పులో అడుగుతాడు. ఆ చప్పుడే నాకు దేవుడిచ్చిన వరం. నాది కొంచెం కోపిష్టి స్వభావం, దాచుకోవడానికేముంది. అత్త మీద కోపం వచ్చినప్పుడల్లా మిషన్ పక్కన నిలబడి, రోట్లోకి చూస్తూ, గొంతెత్తి ఎన్ని తిట్లు తెలిస్తే అన్నీ తిట్టేదాన్ని. మిషన్‌కు అటు పక్క అత్త కూర్చునేది. ఆమె పెదవులు కూడా ఎప్పుడూ కదులుతూనే ఉండేవి. నన్నే తిడుతోందని నాకు తెలుసు. అందుకే నేను ఇంకో రెండు ఎక్కువ తిట్టేదాన్ని. సాయంత్రానికి ఇద్దరి కడుపులూ ఖాళీ అయిపోయేవి. ఇంటికెళ్లి, ఒకరికొకరం వడ్డించుకుని, హాయిగా తినేవాళ్లం. ఈ సౌకర్యం లేకనే మిగతా ఇళ్లల్లో అత్తాకోడళ్లు కొట్టుకుంటున్నారని నా నమ్మకం.

మిషన్ పెట్టింది మా మామ రామస్వామి. నకిరేకల్ పక్క పల్లె నుంచి అత్తను వెంటబెట్టుకుని వచ్చి, ఈ మల్గి కిరాయికి తీసుకుని, ఈ మిషన్ దించాడు. నేను కాపురానికి వచ్చిన కొన్నేళ్లకు ఆయన గుండెపోటుతో పోయాడు. మా ఆయన జైపాల్‌కు గిర్ని పని నచ్చదు, దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్‌కు షేర్ ఆటో నడుపుతాడు. కాబట్టి మామ నిలబడే చోట నేను నిలబడ్డాను.

అట్లా నడుస్తుండగా, మొన్న శివరాత్రి వెళ్లిన వారంలో, మా ఓనర్ వెంకట్రావు గారు వచ్చారు. ఆయనది గుంటూరు వైపు. చెడ్డ మాట చెప్పాలన్నా ముందు మంచినీళ్లు అడిగి తాగి, ఆ తర్వాతే చెప్పే మర్యాదస్తుడు.

“సుమలత గారూ, మీరేమీ అనుకోవద్దు. మేడ మీద బట్టల గోడౌను ఖాళీ అయింది కదండీ, రీడింగ్ రూముకి ఇచ్చేశాను. పాపం ఆ పిల్లలు గ్రూప్స్‌కీ, బ్యాంకు పరీక్షలకీ చదువుకోవాలి. కింద నుంచి ఈ దడదడలు వస్తుంటే వాళ్లకేం ఎక్కుతుంది చెప్పండి? ఉగాది లోపల చప్పుడన్నా తగ్గించండి, లేకపోతే వేరే చోటన్నా చూసుకోండి.”

“మరి ఘాటు సంగతి అంకుల్?” అన్నాను, ఆయనకు గుర్తుకు రాకముందే నేనే గుర్తుచేసేంత తెలివి నాది.

“ఘాటు వెనక నాలా వైపు పోతోంది కదండీ. ఒకటి రెండు తుమ్ములకి ఎవరూ ఫెయిలవ్వరు. నా బాధంతా చప్పుడే.”

రాత్రి అన్నాల దగ్గర జైపాల్ తేలిగ్గా అన్నాడు. “బాలాపూర్ దిక్కు షెడ్లు మస్తు దొరుకుతయి. ఆడ ఎంత సప్పుడు జేసినా అడిగెటోడు లేడు. దంచుకునెటోల్లు ఆడికే ఒస్తరు.”

నిజం చెప్పాలంటే నాకూ అది మంచి మాటలాగే అనిపించింది. కానీ అత్త చేతిలో ముద్ద పళ్లెంలో పెట్టేసింది.

“ఆ మిషన్ ఆడికెల్లి కదిలితె నేను బతక బిడ్డా,” అంది.

ఆమె బెదిరించడానికి అనలేదు. ఎండాకాలం వచ్చిందంటే ఎండ ఉంటుంది అన్నట్టు అంది. మా అత్త ఏడవదు, మూలగదు, జ్వరమొచ్చినా దవాఖానకు పోదు. అట్లాంటి మనిషి అన్న మాట అది. మరునాడు ఆమె గిర్నికి వచ్చి, షట్టర్ ఎత్తగానే, మామ దించిన ఆ మిషన్ చట్రం మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు నిలబడింది. ఎన్ని తిట్లు తిట్టినా ఆమె నా అత్త. ఈ మిషన్‌ను ఇక్కడి నుంచి కదలనివ్వనని ఆ క్షణంలోనే అనుకున్నాను. కదలకూడదంటే చప్పుడు పోవాలి.

బిక్షమయ్య గురించి చెప్పింది జైపాలే. అతని ఆటో ఎక్కిన ఒకాయన చెప్పాడట. ఎల్బీనగర్ చౌరస్తా దాటి సాగర్ రోడ్డు వైపు తిరిగాక ఒక సందులో ఆయన వర్క్‌షాపు. వయసులో ఉన్నప్పుడు కర్ణాటకలో ఒక బంగారు గనిలో, రాళ్లు దంచే మిషన్ల దగ్గర పని చేశాడట. ఆ సంగతి మేము అడగక్కర్లేకుండానే, ఆయన్ని తీసుకొస్తుంటే ఆటో దిగే లోపలే రెండుసార్లు చెప్పాడు.

గిర్నికి వచ్చి, మిషన్ వేయించి, చెవులు మూసుకోకుండా చుట్టూ తిరిగాడు. తర్వాత ఆపించాడు.

“సప్పుడు దంచుట్ల లేదమ్మా,” అన్నాడు. “రోకలి రోట్ల పడితె దబ్బుమంటది. గది ఎంత? గీ పై పలక సూడు, గీ కింది పలక సూడు. రోకలి దూరే బొర్రలు అరిగి అరిగి ఎంత పెద్దగైనయో! రోకలి అండ్ల తాగినోని లెక్క ఊగుతున్నది. ఆ పక్కకు తాకుతది, ఈ పక్కకు తాకుతది. మీ సందుల చెవులు పోయింది గా తాకుడికే.”

“మరి ఏం జెయ్యాలె?” అన్నాను.

“బంగారం గనిల రాయిని దంచే రోకలి మిద్దెంత ఎత్తుంటది. ఆడ గిట్ల బొర్రల పలకలు నడువయి. రోకలికి ఆ దిక్కొకటి ఈ దిక్కొకటి కట్టె దిమ్మెలు వెట్టి, మీదికెల్లి ఇనుప క్లాంపు ఏసి బోల్టులు బిగిస్తరు. దాన్ని గైడంటరు. రోకలి దాంట్ల నుంచి సక్కగ మీదికి పోతది, సక్కగ కిందికొస్తది. కట్టె అరిగిందనుకో, బోల్టు జర తిప్పితె దిమ్మెలు మళ్ల దగ్గరికొస్తయి. గంతే.”

అత్త అప్పటిదాకా మాట్లాడలేదు. “బంగారం దంచినోనివి, మిరపకాయలు దంచే మిషన్ జేస్తవా?” అంది.

“బంగారం దంచితె నాకేం దక్కింది పెద్దమ్మా, దగ్గు దక్కింది. మీ కాడ ఇంత కారమన్న దక్కుతది.”

కొలతలు తీసుకుపోయాడు. మూడో రోజు ఆటో నిండా కట్టె దిమ్మెలు, క్లాంపులు వేసుకుని వచ్చాడు. పాత పలకలు ఊడదీసి, ఆరు రోకళ్లకూ పైనొకటి కిందొకటి గైడ్లు బిగించాడు. మిషన్ కాళ్ల కింద మందపాటి రబ్బరు ముక్కలు పెట్టాడు. చెమట తుడుచుకుని, కొబ్బరికాయ కొట్టించి, స్విచ్ వేశాడు. మొదటి రోకలి ఠీవిగా పైకి లేచింది. లేచి అక్కడే ఉండిపోయింది. రెండోదీ అంతే. ఇరుసు తిరుగుతూనే ఉంది, రోకళ్లు మాత్రం దిగిరావడం లేదు.

“అలిగినట్టున్నయి,” అంది అత్త.

“కొంచెం టైట్ అయింది, టైట్ అయింది,” అంటూ బిక్షమయ్య బంగారు గని సంగతి ఆ కాసేపు మర్చిపోయి, స్పానర్ పట్టుకుని స్టూలెక్కాడు. ఒక్కో బోల్టును వెంట్రుకంత వదులు చేస్తూ వచ్చాడు. రోకళ్లు ఒక్కొక్కటే దిగాయి. మళ్లీ లేచాయి. మళ్లీ దిగాయి.

చప్పుడు లేదు. ఉందంటే ఉంది, మెత్తటి నేల మీద ఎవరో బరువుగా నడుస్తున్నట్టు. కానీ ఆ దడదడ, ఆ గణగణ పూర్తిగా పోయాయి. టైలర్ మల్గిలోంచి బయటికి వచ్చి కరెంటు పోయిందా అని అడిగాడు. వెంకట్రావు గారు మేడ మీదికి పోయి నేలకు చెవి పెట్టి విని వచ్చి, నా చేతులు పట్టుకున్నంత పని చేశారు. “ఇంక మీరెక్కడికీ వెళ్లక్కర్లేదండీ, మీ మనవలు కూడా ఇక్కడే దంచుకోవచ్చు,” అన్నారు. ఆ రాత్రి నేను సంతోషం పట్టలేక సేమియా పాయసం చేశాను. అత్త రెండుసార్లు వేయించుకుంది.

మరునాడు పొద్దున మొదటి బేరం లలితకుమారి గారిది. ఆమె చైతన్యపురిలో ఉంటుంది, స్కూల్లో టీచరు, మాటకు ముందొక ‘అండీ’, వెనకొక ‘అండీ’ పెట్టే మనిషి. రెండు కిలోల మిరపకాయలు రోట్లో పోశాము. మొదటి వాయి తీసి నేను జల్లెడ పట్టాను. నేను పట్టిందే అత్త తీసుకుని, లలితకుమారి గారి ముందే, మళ్లీ జల్లించింది. నాకు ఒళ్లు మండింది. మామూలుగా ఏం చేస్తానో అదే చేశాను. మిషన్ పక్కకు వెళ్లి, రోట్లోకి చూస్తూ, గొంతెత్తి అన్నాను:

“ముసల్దానికి రోడ్డు మీద బస్సు కనవడదు గని నా జల్లెడల నలుసు కనవడతది!”

అదే సమయానికి మిషన్ అటు పక్క నుంచి అత్త గొంతు, అంతే గట్టిగా, “పొద్దుగాల ఉప్మాల ఉప్పేసుడు మర్శింది, నేనేమన్న అన్ననా, తిన్న…” అంటూ వినపడింది.

రెండు మాటలూ మల్గి మధ్యలో కలుసుకున్నాయి. చాయ్ ఆయన చేతిలో గ్లాసు గాలిలోనే ఆగింది. అత్త నోరు టక్కున మూసుకుంది. నేను నా నోరు మూసుకోవడమే కాదు, నోటికి అడ్డంగా చెయ్యి కూడా పెట్టుకున్నాను. రోకళ్లు మాత్రం మా ఇద్దరి పరువూ తమకేమీ పట్టనట్టు మెత్తగా పడుతున్నాయి.

“నేనేమీ వినలేదండీ,” అంది లలితకుమారి గారు. ఆమెను ఎవరూ అడగలేదు.

ఆ తర్వాత మా బతుకు దుర్భరమైంది. ఇంతకాలం నా కోపానికి ఉన్న ఒక్క దారీ మూసుకుపోయింది. గిర్నిలో మింగిన కోపమంతా ఇంటికి తెచ్చి జైపాల్ మీద పోశాను. ఆటో అద్దం తుడవలేదని తిట్టాను, తుడిచాడని తిట్టాను. “మిషన్‌కు గైడ్లు పెట్టిస్తే నా నెత్తి మీద రోకలి పడ్డది,” అని ఆయన గొణుక్కున్నాడు. మేడ మీది పిల్లల గురించి వెంకట్రావు గారు వచ్చి ఇంకొక మాట చెప్పారు. చప్పుడు ఏమీ లేదట గానీ, కింద ఆడవాళ్లు చెప్పుకునే ముచ్చట్లు ఇప్పుడు స్పష్టంగా వినిపిస్తున్నాయట. కొత్తపేటలో ఎవరి కూతురో మొగుడితో ఎందుకు పడలేదో తెలుసుకోవడానికి సగం రీడింగ్ రూము పుస్తకాలు మూసి కూర్చుందట.

అవన్నీ నవ్వుకునే విషయాలే. అత్త సంగతి మాత్రం నవ్వేది కాదు. ఆమె మాట్లాడటం మానేసింది. గిర్నికి వస్తుంది, తన పీట మీద కూర్చుంటుంది, పెదవి కదపదు. అడిగితే ఊ అంటుంది. పళ్లెంలో సగం వదిలేస్తుంది. వారం గడిచేసరికి మొహం పీక్కుపోయింది. ఉగాది పచ్చడి కూడా నాలిక మీద వేసుకుని పక్కన పెట్టింది. ఆ మరునాడు చిన్న సంచిలో రెండు చీరలు సర్దుకుని, “యాదలక్ష్మి కాడికి పోతున్న,” అని జైపాల్ ఆటో ఎక్కింది. యాదలక్ష్మి నా ఆడబిడ్డ, ఎల్బీనగర్ అవతల చింతలకుంటలో ఉంటుంది.

ఎప్పుడొస్తావని అడిగితే చెప్పలేదు. మిషన్ కదిలితే బతకనన్న మనిషి మిషన్‌ను వదిలేసి పోయింది. నా నోటి వల్లే పోయిందని నాకు ఖాయంగా తెలుసు. ఒంటరిగా గిర్నిలో నిలబడితే అటు పక్క ఖాళీ పీట కనపడి నాకు ఏడుపొచ్చేది. తిట్టడానికి కూడా ఎవరూ లేరు. నాలుగు రోజులు పంతం పట్టి, అయిదో రోజు షట్టర్ దించేసి చింతలకుంట పోయాను.

అత్త మిద్దె మెట్ల మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. పక్కన కూర్చుని నేనూ ఒక పిడికెడు తీసుకున్నాను.

“అత్తమ్మా, తప్పు నాదే. ఆనాడు నోరు జారిన.”

“ఏమన్నవే?”

“గదే, బస్సు కనవడదు అని…”

“ఓ, గదా.” ఆమె గింజ ఒకటి అవతల పారేసింది. “నీ నోటికి గది శానా చిన్న మాట. పోయిన దసరాకు చీర కాడ అన్నది మర్శినవా? నన్ను కట్టెలపొయ్యిల పెట్టినా మండనన్నవు.”

ఆ మాట నేను అన్నాను. ఆరు రోకళ్లూ దడదడలాడుతుండగా అన్నాను. “గది నీకెట్ల తెల్సు?”

“నీ పెదవులు కనవడయా నాకు? నువ్వు మిషన్ కాడ నిలవడ్డ కాడికెల్లి ఒక్కటి ఇడువకుండ సూసిన.”

“మరి ఒక్కనాడు గూడ అడగలేదేంది?”

“ఎందుకడగాలె? లోపలున్నది యాడనో ఒక కాడ కక్కాలె మనిషి. నువ్వు మిషన్ కాడ కక్కినవు, ఇంటికొచ్చి నాకు ఉడుకుడుకు అన్నం పెట్టినవు. నాకేం తక్కువైంది?”

నాకు నవ్వాలో, మెట్ల మీది నుంచి కింద పడాలో తెలియలేదు. “మరి నువ్వు తిట్టేవి నాకు అర్థం గాలె గదా,” అన్నాను, కొంచెం ఉక్రోషంగా.

“నేనెప్పుడు తిట్టిన నిన్ను?”

“నీ పెదవులు ఎప్పటికి కదులుతనే ఉంటుండె. ఆనాడు గూడ ఉప్మా మీద చెప్తనే ఉంటివి.”

అత్త చేతులు ఆగిపోయాయి. తర్వాత, చింతపండులోకి చూస్తూ అంది:

“మీ మామకు చెప్తున్ననే.”

నేను నా చేతిలో చింతపండు మెట్టు మీద పెట్టేశాను.

“ఆయన బతికున్నప్పుడు ఆయన ఆ దిక్కు, నేను ఈ దిక్కు. మద్దెల మిషన్. చెవులకేం వినవడుతుండె? ఆయన పెదవులు నేను సూస్తుంటి, నా పెదవులు ఆయన సూస్తుండె. యాదలక్ష్మి లగ్గం ముచ్చట గట్లనే ఖాయమైంది, నీ సంబంధం గూడ గట్లనే. ఇంట్ల కన్న ఎక్కువ ఆడనే మాట్లాడుకున్నం. ఆయన పోయినంక నేను ఆపలె. ఇంట్ల మాట్లాడితె పిచ్చి లేశిందంటరు. ఆ సప్పుడుల ఎవ్వలకు వినవడకపోతుండె. ఇయ్యాల మిర్చి ఎట్లొచ్చింది, జైపాల్ ఎందుకు చిరాకుపడ్డడు, నువ్వు ఏం వండినవు, అన్ని చెప్తుంటి. ఆనాడు నా మాట నాకే వినవడ్డది. ముసల్దాన్ని, ఒక్కదాన్నే మాట్లాడుకుంటున్న అని అప్పుడు ఎరుకైంది నాకు.” ఆమె మళ్లీ గింజలు తీయడం మొదలుపెట్టింది. “మిషన్ ఆడనే ఉన్నది బిడ్డా. ఆయనతోని మాట్లాడే జాగనే లేదు.”

నాకు ఏడుపు ఆగలేదు. చింతపండు చేతులతోనే కళ్లు తుడుచుకుని, అది మండి, ఇంకా ఏడ్చాను. మామను ఆమెకు దూరం కానివ్వకూడదనే కదా ఆ మిషన్‌ను అక్కడ నిలబెట్టాను. నిలబెడుతూ నిలబెడుతూ ఆయన్నే బయటికి పంపేశాను.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోను బిక్షమయ్య వర్క్‌షాపు దగ్గర ఆపించాను.

“ఏంది! బిగిచ్చిన గైడును వదులు జేయాల్నా?” ఆయన లేచి నిలబడ్డాడు. “మిషన్ మంచిగ నడుస్తలేదా?”

“మంచిగనే నడుస్తుంది. గదే పరేషాన్.”

“నా పని మీద గింత మచ్చ పెట్టుకోనమ్మా. వదులు జేస్తె కట్టె జల్ది అరుగుతది.”

“అరిగితె మళ్ల ఏద్దువు. నాకు స్పానర్ పట్టుకునే పని లేకుండ, చేత్తోని తిప్పితె వదులు గావాలె, చేత్తోని తిప్పితె బిగువు గావాలె. అయితదా, గాదా?”

ఆయన ఇంకా వాదించబోయాడు. నేను అత్త చెప్పింది చెప్పాను. బిక్షమయ్య ఇంక బంగారం మాట ఎత్తకుండా, ఇనుప కమ్మీలు తీసి కొలవడం మొదలుపెట్టాడు. రెండు రోజుల తర్వాత వచ్చి బోల్టులన్నిటికీ పిడులున్న నట్టులు బిగించాడు. నా వేళ్లకు గుచ్చుకోకుండా ఒక్కో పిడినీ ఆకురాయితో నున్నగా రాసి తెచ్చాడు.

వెంకట్రావు గారిని ఒప్పించడం మిగిలింది.

“చప్పుడు తగ్గించమంటే తగ్గించారు. ఇప్పుడు పెంచుతానంటున్నారు. నాకేం పాలుపోవట్లేదండీ,” అన్నారాయన.

“మధ్యాహ్నం మీ పిల్లలంతా తినడానికి మెస్సుకు పోతరు కద అంకుల్. పైన తాళమే ఉంటది. అప్పుడొక్కటే. వాళ్లు మెట్లెక్కే సరికి బిగించేస్తా.” కారణం ఏమిటని అడిగారు. చెప్పాను. ఆయన మంచినీళ్లు అడిగారు. తాగి, గ్లాసు పెట్టేసి, “రేపటి నుంచే మొదలుపెట్టండి,” అన్నారు.

మరునాడు జైపాల్ అత్తను ఆటోలో తీసుకొచ్చాడు. ఆమెకు ఏమీ చెప్పలేదు. పసుపు కొమ్ములు పోసి ఉంచానని, ఒక్కదాన్నే పట్టలేకపోతున్నానని మాత్రం చెప్పి పంపాను. వచ్చి తన పీట మీద, ఏదో చుట్టాలింటికి వచ్చినట్టు, అంచున కూర్చుంది. మేడ మీది పిల్లలు మెట్లు దిగి పోతున్న అడుగులు వినిపించాయి. చివరి వాడు సందు మలుపు తిరగగానే నేను స్టూలెక్కి పిడులు ఒక్కొక్కటే తిప్పాను. పైవి అయ్యాక కిందివి. అత్త నన్ను వింతగా చూసింది. “ఏం జేస్తున్నవే, ఖరాబైతది,” అంది. నేను స్విచ్ వేశాను.

ఆ చప్పుడు వచ్చింది. ఆ దడదడ, ఆ గణగణ, ఎన్నేళ్లదో ఆ చప్పుడు మల్గి నిండా నిండి, షట్టర్‌ను ఊపి, సందులోకి పోయింది. టైలర్ ఫోన్ కింద పెట్టేశాడు. చాయ్ ఆయన నా వైపు చూసి వేళ్లు చూపించాడు. అత్త పీట మీద నిటారుగా అయింది. రోకళ్ల వైపు చూసింది, నా వైపు చూసింది. ఆమెకు అర్థమైంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, కొంగుతో తుడుచుకుంది.

ఆమె పెదవులు కదలడం మొదలవుతుందని తెలిసి నేను గోడ వైపు తిరిగిపోయాను. వాళ్లిద్దరి మాటలు నేను చూడకూడదనిపించింది. ఇన్ని రోజుల తర్వాత కలిశారు, ఎన్ని చెప్పుకోవాలో. గోడకు మొహం పెట్టి, జల్లెడ చేతిలో పట్టుకుని, నేను కూడా ఇన్నాళ్లుగా మింగినవన్నీ ఒక్కటి వదలకుండా అనేశాను. ఎండలను తిట్టాను, జైపాల్‌ను తిట్టాను, చెప్పకుండా ఆడబిడ్డ ఇంటికి పోయినందుకు అత్తను కూడా నాలుగు తిట్టాను. ప్రాణం కుదుటపడింది.

ఎంతసేపయిందో తెలియదు. భుజం మీద చెయ్యి పడింది. తిరిగి చూస్తే అత్త. చేతులకంతా పసుపు. నా చెవి దగ్గరికి వంగి, చప్పుడును మించి అరిచింది:

“మీ మామ అడుగుతున్నడే! నువ్వు తిన్నవా అని!”

“ఇంకా తినలేదని చెప్పు!” అని నేనూ అరిచాను.